ఎవరికి కీలకం?

ఈ పుస్తకంలో మేము మామూలుగా కథల మీదా, పాటల మీదా, ఎవరో ఒకరు కొత్తగా తెచ్చిన కవిత్వ సంపుటి మీదా రాసుకుంటాం. ఈసారి ఒక జాబితా మీద రాస్తున్నాం. 2023 జూన్ నెలాఖరులో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ ఒక కమిటీ నివేదికను విడుదల చేసింది. మన దేశానికి ‘క్రిటికల్ మినరల్స్’ అంటూ అందులో 30 పేర్లు ఉన్నాయి. లిథియం, కోబాల్ట్, నికెల్, గ్రాఫైట్, గాలియం, టైటానియం, టంగ్‌స్టన్, విరళ మృత్తికలు, ఇలా సాగుతుంది. పోటీ పరీక్షలకు చదివే మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ 30 అనే అంకె నోటికొచ్చు. అవి ఏ కొండల్లో ఉన్నాయి, ఆ కొండల మీద ఎవరున్నారు అని అడిగిన ప్రశ్నపత్రం మాత్రం ఇంతవరకూ మా కంటబడలేదు.

జాబితాను విమర్శించడం ఏమిటని కొందరు అడగొచ్చు. కథ చదివేటప్పుడు మనం అడిగేవి నాలుగే ప్రశ్నలు. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, ఎవరి గురించి చెప్తున్నారు, చెప్పకుండా వదిలేసింది ఎవరిని. సర్కారు కాగితాన్ని కూడా ఈ నాలుగు ప్రశ్నలతో చదవొచ్చు. అలా చదవడం మన పిల్లలకు కథ చదవడం కన్నా ముందు రావాలేమో కూడా. ఎందుకంటే మన కొండల మీదికి కథలు ఆలస్యంగా వచ్చాయి. కాగితాలు ముందే వచ్చాయి.

ముందు మాట సంగతి చూద్దాం. ‘క్రిటికల్’ అన్న ఇంగ్లీషు మాటకు మన పత్రికలు ‘కీలక ఖనిజాలు’ అని రాస్తున్నాయి. కొన్ని ‘అరుదైన ఖనిజాలు’ అంటున్నాయి. ఈ రెండోది తప్పు. గ్రాఫైట్ అరుదైనదేమీ కాదు, మొదటి తరగతి పిల్లవాడి పెన్సిల్‌లో ఉండేది అదే. విరళ మృత్తికలు కూడా పేరుకే విరళం. భూమిలో అవి బాగానే ఉన్నాయి, ఒక్కచోట దండిగా దొరకవు, దొరికినా విడదీయడం కష్టం. ‘కీలక’ అన్న మాట తప్పు కాదు గానీ అది ఒక ప్రశ్నను మింగేస్తుంది. కీలకం అంటే ఎవరికి?

కమిటీ తన కొలతలు దాచుకోలేదు. రెండు పెట్టుకుంది. ఒకటి, ఆ ఖనిజం దేశ ఆర్థిక వ్యవస్థకు ఎంత ముఖ్యం. రెండు, దాని సరఫరా తెగిపోయే ప్రమాదం ఎంత. యూరప్ దేశాలు కూడా ఇలాగే లెక్కగడుతున్నాయి. అంటే రాయిలో ఉన్న గుణాన్ని బట్టి అది కీలకం కావడం లేదు, కొనేవాడి ఇబ్బందిని బట్టి అవుతోంది. మాకు దగ్గరి ఉదాహరణ ఉంది. నూజివీడుకు పడమట కొండపల్లి కొండల్లో క్రోమైట్ ఉంది. కొండపల్లి అంటే అందరికీ తెల్లపొణికి బొమ్మలే గుర్తొస్తాయి గానీ, భూగర్భ శాస్త్రవేత్తలకు గుర్తొచ్చేది ఈ రాయి. ఆ 30లో క్రోమియం పేరు లేదు. దేశంలో దొరికే క్రోమైట్ దాదాపు అంతా ఒడిశాలోని సుకిందా లోయలో ఉంది, సరఫరాకు ఢోకా లేదు. అదే సుకిందాను 2007లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో అతి కలుషితమైన పది చోట్లలో ఒకటిగా చూపింది. గనుల నుంచి వచ్చిన విషపు క్రోమియం అక్కడి తాగునీళ్లలో కలిసింది. ఆ లోయలో బతికేవాళ్లకు క్రోమియం ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారం. కమిటీ కొలతల ప్రకారం మాత్రం అది కీలకం కాదు. రెండు కొలతల్లో ఒక్కటి కూడా రాయి మీద నిలబడి ఉన్న మనిషి వైపు నుంచి పెట్టింది కాదు. నివేదికలో మాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. ఇంతకన్నా పెద్దది వెతకాల్సిన పని లేదు.

రాళ్ల పేర్లలో మాత్రం మనం ఉన్నాం. ఈ సంగతి మన టీచర్లలో కూడా చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెప్తాం. శ్రీకాకుళం నుంచి బెజవాడ దాకా తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాతికి ‘ఖోండలైట్’ అని పేరు. బెజవాడ కనకదుర్గమ్మ కొండ కూడా ఆ రాయే. ఒడిశాలోని కలహండిలో సర్వే చేసిన టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ పేరు పెట్టాడు. ఎవరి పేరు? ఖోండుల పేరు. మన రాష్ట్రంలో కోదులు, కువి మాట్లాడేవాళ్లు అని పిలుచుకునే మన బంధువుల పేరు. మాంగనీసు ఉండే మరొక రాతికి ఫెర్మోర్ అనే ఆయన ‘గోండైట్’ అని పెట్టాడు. అది గోండుల పేరు. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండాన్ని ప్రపంచమంతా ‘గోండ్వానా’ అంటోంది. అదీ గోండుల పేరే. ఇదే కనుమల్లో ఖోండలైట్ పక్కనే ‘చార్నొకైట్’ అనే ఇంకో రాయి ఉంటుంది. దాని పేరు కలకత్తాను స్థాపించాడని చెప్పే కంపెనీ దొర జాబ్ చార్నాక్‌ది. ఆ రాతితో చేసిన ఆయన సమాధి ఫలకాన్ని పరీక్షించి ఆ పేరు పెట్టారు. చనిపోయిన దొర సమాధి మీది రాయికి ఒక పేరు, బతికి ఉన్న జనం కాళ్ల కింది రాయికి ఇంకో పేరు. సైన్సు పుస్తకంలో రెండూ ఒకే వరుసలో ఉంటాయి. దొర వారసులను ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనలేదు.

ఇప్పుడు ఆ ఖోండలైట్ గొడవ ఎందుకంటే, గ్రాఫైట్ ఉండేది అందులోనే. ఉమ్మడి విశాఖ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఖమ్మం జిల్లాల కొండల్లో గ్రాఫైట్ ఉందన్నది పాత నివేదికల్లోనే ఉన్న మాట. మొన్నటిదాకా అది పెన్సిళ్లకూ, లోహం కరిగించే మూసలకూ పనికొచ్చే సరుకు. ఇప్పుడు కరెంటు బండ్ల బ్యాటరీల్లో ఒక కొస మొత్తం దానితోనే చేస్తున్నారు. అందరూ లిథియం బ్యాటరీ అంటారు గానీ, తూకం వేస్తే అందులో లిథియం కన్నా గ్రాఫైటే ఎక్కువ. 2023 డిసెంబరు నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతికి అనుమతులు పెట్టింది. అంతకు ముందే ఆగస్టులో గాలియం, జెర్మేనియంలకు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో కొన్ని విరళ మృత్తికలకూ పెట్టింది. ఢిల్లీ కంగారుకు కారణం ఇది. ఆ కంగారు అబద్ధమని మేము అనం.

ఫోను, బ్యాటరీ, సోలారు పలక మనకు వద్దని కూడా అనం. ఫోనులో ముఖం చూపించి హాజరు వేసే ఉద్యోగం మాది. ఏజెన్సీ బడుల్లో పనిచేసే మన మిత్రులు సిగ్నల్ కోసం గుట్టెక్కి ఆ హాజరు పంపుతారు. సెల్ టవర్ రాని ఊళ్లలో రాత్రిపూట గర్భిణి కోసం అంబులెన్సును పిలవలేక డోలీ కట్టిన వాళ్లం. కాబట్టి ఖనిజాలే వద్దు, అడవిలో అలాగే ఉండనివ్వండి అని పట్నంలో కూర్చుని రాసే వ్యాసాలతో మాకు పొత్తు లేదు. ఆ వ్యాసాలు కూడా ఫోనులోనే టైపు చేసి ఉంటారు.

మా తగాదా ‘సుస్థిర’ అన్న మాటతో. 2025 జనవరి 29న కేంద్ర క్యాబినెట్ జాతీయ క్రిటికల్ మినరల్ మిషన్‌ను ఆమోదించింది. రూ.16,300 కోట్ల ఖర్చు, దానికి తోడు ప్రభుత్వ రంగ సంస్థలు పెట్టే మరో రూ.18,000 కోట్లు. 2030-31 లోగా 1,200 అన్వేషణ ప్రాజెక్టులు. ఖనిజాలను శుద్ధి చేసే పార్కులు. ఈ విషయం మీద ఏ ఉపన్యాసం విన్నా, ఏ కరపత్రం చదివినా ‘సుస్థిర సరఫరా’ అన్న జంటమాట తగులుతుంది. వ్యాకరణం చెప్పుకునేవాళ్లం కాబట్టి అడుగుతున్నాం. ఇక్కడ విశేషణం దేనికి తగిలింది? సరఫరాకు. సరఫరా స్థిరంగా ఉండాలి. నీళ్లు స్థిరంగా ఉండాలని అందులో లేదు. ఊరు ఉన్నచోట ఉండాలని లేదు. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వచ్చిన మా కోయ, కొండరెడ్డి కుటుంబాలను అడిగితే, ఏది స్థిరంగా ఉండి ఎవరు కదిలారో చెప్తారు.

పైగా, అసలు మురికి గనిలో కన్నా శుద్ధి చేసేచోట ఎక్కువ. తవ్వకం అందరికీ కనిపిస్తుంది. శుద్ధి గోడల వెనక జరుగుతుంది. మన ఉద్యమ సాహిత్యంలో కూడా కొండను తవ్వడం గురించి ఎంతో ఉంది, ఆసిడ్ తొట్టి గురించి దాదాపు లేదు. కొండ తెగడం కంటికి కనిపించే దుఃఖం కాబట్టి పాటకు లొంగుతుంది. నీటిలో కలిసిన లవణం లొంగదు. ఆ లోటు మన రచయితలది, ఎవరినీ అనడానికి లేదు.

గ్రాఫైట్‌నే తీసుకోండి. కొండలో దొరికే పొరల గ్రాఫైట్ బ్యాటరీకి పనికిరావాలంటే నూటికి 99.95 పాళ్లు శుద్ధి కావాలి. రాతి పొడిని నురగలో తేల్చి వేరు చేయడం మొదటి మెట్టు. ఆఖరి మెట్టులో చవకైన దారి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్. గాజును తినే ఆసిడ్ అది. చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. దాన్ని వాడాక మిగిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లంటే ఏమిటో తెలుగు నేలకు ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. ఆసిడ్ లేకుండా చేయాలంటే దాదాపు 3,000 డిగ్రీల వేడి పెట్టాలి, దానికి బోలెడు కరెంటు కావాలి. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే, పొగ లేని బండి కోసం ఇంకోచోట పొగ పెట్టినట్టే.

గాలియం సంగతి మరీ చిత్రం. దానికి వేరే గని ఉండదు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు ఆ క్షార ద్రవంలో కాస్త గాలియం తేలుతుంది, పట్టుకుంటే వస్తుంది. టన్ను బాక్సైట్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములు. అంటే గాలియం కావాలంటే అల్యూమినా కర్మాగారం కావాలి, దానికి బాక్సైట్ కావాలి. టన్ను అల్యూమినాకు రెండు మూడు టన్నుల బాక్సైట్ పోతుంది, టన్నుకు అటూ ఇటూగా ఎర్రబురద మిగులుతుంది. ఆ బురద ఎంత గాటైనదో 2010 అక్టోబరులో హంగేరీలోని ఆయ్‌కా దగ్గర కట్ట తెగినప్పుడు లోకం చూసింది. పదిమంది చనిపోయారు. బాక్సైట్ అనగానే మన వాళ్లకు అనంతగిరి, చింతపల్లి, జెర్రెల గుర్తుకు రాకుండా ఉండవు. 2015 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 97 ఇచ్చి చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకానికి కేటాయించింది. మన్యం లేచి నిలబడింది. జీవో నిలిచిపోయింది, 2019లో రద్దయింది. అప్పట్లో బాక్సైట్ అంటే వంటగిన్నెల అల్యూమినియం. రేపు అదే కొండకు గాలియం పేరుతో, దేశ రక్షణ పేరుతో కాగితం రాయొచ్చు. కొండ మారలేదు, దాని పేరు మారుతుంది. మేము జాబితాలను జాగ్రత్తగా చదవమనేది ఇందుకే.

తీరం సంగతి చేపలు పట్టేవాళ్లు మాకన్నా బాగా చెప్పగలరు, అందుకని రెండు మాటలే. భీమిలి వైపు ఇసుకలో టైటానియం ఇచ్చే ఇల్మెనైట్, విరళ మృత్తికలు ఇచ్చే మోనజైట్ ఉన్నాయి. రాష్ట్రాలవారీగా చూస్తే మోనజైట్ ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. విశాఖలో విరళ మృత్తికల అయస్కాంతాలు చేసే ప్లాంటును 2023 మే 11న జాతికి అంకితం చేశారు. మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది, అది రేడియోధార్మికం. కావలసింది తీసుకున్నాక కాపలా కాయాల్సింది మిగులుతుంది.

మాకు బాగా గుచ్చుకున్న ఉదాహరణ కడప జిల్లా తుమ్మలపల్లె. యురేనియం ఆ 30లో లేదు, దానిది వేరే అణు ఖనిజాల పట్టిక. అయినా తోటల నడుమ ఖనిజం శుద్ధి చేస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలో చూడాలంటే అక్కడికే పోవాలి. శుద్ధి చేశాక మిగిలిన బురదను చెరువులా కట్టి నిలవ చేశారు. ఆ చెరువు పక్క ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు ఎండిపోతున్నాయనీ ఏళ్లుగా మొత్తుకున్నారు. కాలుష్య నియంత్రణ మండలి 2019లో నోటీసు కూడా ఇచ్చింది. తమ వల్ల కాదని సంస్థ అంటుంది. ఇంతకాలం పట్టిన ఈ వాదనలో తేలింది ఏమిటంటే, నీళ్లు పాడయ్యాయని నిరూపించే భారం నీళ్లు తాగినవాడి మీదే పడుతుంది. మాకు పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎంతమంది లంబాడీలు పోయారో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అక్కడ గనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. భూగర్భ జలం మీదే అనుమానం. ఆ తండాలకు కృష్ణా నీళ్లు తేవడానికే అన్నేళ్లు పట్టింది. తనంతట తాను చెడిన నీళ్లకే ఇంత ఆలస్యమైతే, ఒకరు చెడగొట్టి కాదనే నీళ్లకు ఎంతకాలం పడుతుంది?

2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అలా మా బుట్టాయగూడెం, జీలుగుమిల్లి కొండలూ ఈ మామిడి తోటలూ ఒకే జిల్లా అయ్యాయి. ఇక్కడ పనిచేస్తూ మేము చూసిన ఒక పద్ధతి ఈ ‘సుస్థిర’ మాటను అర్థం చేసుకోవడానికి ఏ నివేదిక కన్నా ఎక్కువ సాయం చేసింది. నూజివీడు తోటల్లో చాలావాటిని రైతు తనే కోసి అమ్ముకోడు. పూత మీదనో పిందె మీదనో వ్యాపారికి గుత్తకు ఇస్తాడు. ఒక్కోసారి రెండేళ్లకు, మూడేళ్లకు కలిపి ఇస్తాడు. రైతుకు ముందే డబ్బు చేతికి వస్తుంది, గాలివాన నష్టం గుత్తదారుది. అంతవరకు న్యాయమే. కానీ గుత్తదారు చూపు తన గడువు దాకానే. చెట్టు మొదట్లో కల్టార్ పోసి పూత రప్పిస్తాడు, మందులు ఎక్కువ కొడతాడు. ఆ కాపు దండిగా వస్తుంది, లారీలు నున్న మార్కెట్‌కు పోతాయి. గడువయ్యాక కొమ్మలు నీరసించిన తోట రైతుకు తిరిగి వస్తుంది. ముసలి రసాల చెట్ల తోట ఉన్న రైతు ఎవరైనా సరే, గుత్త పత్రంలో చెట్టు గురించి కూడా ఒక మాట రాయించుకోవాలని చూస్తాడు. గనుల లీజు 50 ఏళ్లు. తిరిగి వచ్చే కొండ ఎలా ఉండాలో రాయించుకునే రైతు చోటులో అక్కడ ఎవరున్నారు?

మా ఊళ్లలో ఇంకో పద్ధతి. మామిడి కొత్తల పండుగ అయ్యేదాకా కొత్త కాయ ఎవరూ నోట పెట్టరు. పెద్దలకూ నేలకూ చూపించి, ఊరంతా కూర్చున్నాకే తినడం. నూజివీడులో పూత మీదే అమ్ముడుపోయే కాయ, అక్కడ పండుగ దాకా చెట్టు మీదే ఉంటుంది. మేము గొప్పవాళ్లం, పల్లపు వాళ్లు చెడ్డవాళ్లు అని చెప్పడానికి ఇది ఎత్తలేదు. ఇప్పుడు మా ఊళ్లలోనూ జీడిమామిడి షావుకారుకు ముందే రాసిచ్చే వాళ్లున్నారు. ముట్టుకునే ముందు అడగడం అనే పని ఒక పంచాంగంలో తేదీగా ఉండగలదని చెప్పడానికే ఎత్తాం. చట్టంలో కూడా అలాంటి తేదీ ఒకటి ఉండేది. దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ.

ఆ పేరు కూడా అంత మంచిదేమీ కాదు. సర్కారు తెలుగులో ‘సేకరణ’ అంటే మూడు ఉన్నాయి: ధాన్యం సేకరణ, భూసేకరణ, అభిప్రాయ సేకరణ. మూడింటిలోనూ తీసుకుపోయేవాడు ఒకడు, ఇచ్చేవాడు ఒకడు. అయినా 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి అనుమతి ఇచ్చే ముందు కలెక్టరో ఆయన ప్రతినిధో ఆ చోటికి వచ్చి కూర్చోవాలి. నివేదిక సారాంశం ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. ఈ వ్యవహారం మొత్తంలో తెలుగులో ఉండి తీరాల్సిన కాగితాల్లో అదొకటి. మేము చూసిన సారాంశాల్లో తెలుగు ఎలా ఉందంటే, ‘ఉపశమన చర్యలు’ అని రాసిన చోట నొప్పి మాత్రల గురించి అనుకున్న పెద్దవాళ్లున్నారు. కోయలోనో కువిలోనో రాసినది ఒక్కటి చూడలేదు. అయినా ఆ చెడ్డ తెలుగును పట్టుకునే మన వాళ్లు మైకు ముందు నిలబడి ప్రశ్నలు వేశారు. ఆ ప్రశ్నలన్నీ రికార్డయ్యాయి. మన నోటి మాట సర్కారు దస్త్రంలో అక్షరంగా మారిన అరుదైన చోటు అది. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఆ దస్త్రాలను కూడా చూడాలని మా కోరిక.

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీసు మెమొరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, క్రిటికల్, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని అందులో ఉంది. దేశ రక్షణ అవసరం, వ్యూహాత్మక అవసరం అన్నవి కారణాలు. ఏ ఖనిజాలంటే, 2023లో గనుల చట్టాన్ని సవరించి మొదటి షెడ్యూలులో ‘డి’ భాగం కింద చేర్చిన 24 పేర్లు. గ్రాఫైట్ అందులో ఉంది. గాలియం, టంగ్‌స్టన్ ఉన్నాయి. బాక్సైట్ లేదు, దానికి పాత పద్ధతే. నిపుణుల కమిటీ పరిశీలన ఉంటుంది, నివేదిక తయారు చేయాలి, అవి పోలేదు. పోయింది ఊరికి వచ్చి కూర్చోవడం. దానితోపాటు తెలుగు సారాంశం ఇవ్వాల్సిన సందర్భమూ పోయింది. నివేదికలో మనిషికి కొలత లేకపోవడం లోపం అని పైన అన్నాం. ఆ లోపానికి రెండేళ్ల తర్వాత వచ్చిన ఫలితం ఈ మెమొరాండం. జాబితాలో పేరు చేరడమంటే ఊరి నోరు మూయడానికి అర్హత రావడమే అయింది.

మనకు ఇంకా మిగిలినవి ఉన్నాయి, వాటిని పోయినవాటితో కలిపి ఏడవకూడదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు అలాగే ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో కాల్సైట్, మైకా తవ్వే ప్రైవేటు లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదు, సర్కారు కూడా ఒక ‘వ్యక్తే’ అని కోర్టు చెప్పింది. 1/70 చట్టానికి పదును పెట్టిన మాట అది. గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చనీ, తవ్వే సంస్థ నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి పక్కన పెట్టాలనీ కూడా చెప్పింది. అటవీ హక్కుల చట్టం 2006 ఉంది. దాని బలంతోనే 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ వద్దని చెప్పాయి, పన్నెండూ వద్దన్నాయి. అక్కడ చెప్పింది డోంగ్రియా కోంధులు, అంటే ఆ ఖోండలైట్ పేరింటి వాళ్లే. తెలంగాణలో 2019 సెప్టెంబరులో నల్లమల యురేనియం మీద చెంచులతో మొదలైన గొడవ శాసనసభ తీర్మానం దాకా పోయింది. పీసా చట్టం చిన్న ఖనిజాలకే గ్రామసభ సిఫారసు తప్పనిసరి చేసింది. పెద్ద ఖనిజాల దగ్గర అది బలహీనం, ఈ తేడా మన వాళ్లకు చెప్పకుండా ‘పీసా ఉంది కదా’ అని ధైర్యం చెప్పడం మోసం చేయడమే.

మిషన్‌లో మాకు నచ్చిన భాగం కూడా ఉంది. పాత గనుల మట్టి దిబ్బల నుంచి, కర్మాగారాల వ్యర్థాల నుంచి ఖనిజాలు తీయడానికి ప్రయోగాలు చేయడం. 2025 సెప్టెంబరులోనే పాత బ్యాటరీలు, పాత ఎలక్ట్రానిక్ సామాను నుంచి ఈ ఖనిజాలు తీసేవాళ్లకు రూ.1,500 కోట్ల ప్రోత్సాహకం ఆమోదించారు. మొత్తం మిషన్ పక్కన ఇది చిన్న అంకె. కానీ ‘సుస్థిర’ అన్న మాటకు ఇక్కడ ఒక అర్థం దొరుకుతుంది. ఎర్రబురద గుట్టలు ఇప్పటికే ఉన్నాయి, వాటిలోనే వెతకొచ్చు. ప్రతి ఇంట్లో చెడిపోయిన ఫోను ఒకటి సొరుగులో పడి ఉంది. కొండకు పోయే ముందు సొరుగు తీయాలన్న వరస ఏ కాగితంలోనైనా ఉంటే మేము మెచ్చుకుంటూ ఇంకో వ్యాసం రాస్తాం.

ఇక టీచర్లకు ఒక పని. క్రిటికల్ ఖనిజాల బ్లాకుల వేలం 2023 నవంబరు 29న 20 బ్లాకులతో మొదలై విడతలు విడతలుగా సాగుతోంది. ప్రతి విడతకూ ఇచ్చే ప్రకటనలో బ్లాకు పేరు, జిల్లా, విస్తీర్ణం ఉంటాయి. అంతా ఇంగ్లీషు. ఎవరూ మనకు తెలుగు చేసి ఇవ్వరు, ఇవ్వాలన్న నిబంధన ఇప్పుడు లేదు. డైట్‌లో మనకు నేర్పిన పాఠ్య బోధన ఎన్నో పద్యాలకు ప్రతిపదార్థం రాయించింది. ఆ మెమొరాండం పద్య భాగం కన్నా పొడవేమీ కాదు, ఒక పీరియడ్‌లో అయిపోతుంది. తొమ్మిదీ పది తరగతుల పిల్లలతో దానికి తెలుగు రాయించండి, కోయ వచ్చిన పిల్లలతో కోయలో చెప్పించండి. ‘కన్సల్టేషన్’ దగ్గర తప్పకుండా ఆగుతారు. ‘సేకరణ’ అని రాయనివ్వకండి. వాళ్ల ఇళ్లలో పెళ్లి సంబంధానికి ముందు, పోడు కొట్టే ముందు, కొత్తల పండుగకు ముందు పెద్దలు కూర్చుని చేసే పనిని ఏమంటారో అడిగి ఆ మాట రాయించండి. ఏ ఊళ్లో ఏ మాట వచ్చిందో రాసి మాకు పంపితే వచ్చే పుస్తకంలో ఊళ్ల పేర్లతో సహా వేస్తాం.